రెండు దేశాల జియోపార్క్‌ను స్థానిక సంస్థలు కలిసి నడపడం ఎలా

జియోపార్క్ అనగానే చుట్టూ కంచె, గేటు దగ్గర టికెట్టు, లోపల కొన్ని రాళ్లు ఉంటాయని చాలామంది ఊహించుకుంటారు. కానీ అది ఊళ్లు, పొలాలు, అడవులు, పాత గనులు, బడులు అన్నీ కలిసిన ఒక ప్రాంతం. అక్కడి శిలలకో, గుహలకో, శిలాజాలకో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉండాలి. ఆ వారసత్వాన్ని కాపాడుతూ, దాని గురించి పిల్లలకూ పెద్దలకూ బోధిస్తూ, దాని ఆధారంగా స్థానికుల జీవనోపాధిని పెంచడం జియోపార్క్ పని. యునెస్కో 2015 నవంబరు 17న ఈ హోదాకు అధికారిక రూపం ఇచ్చింది. 2025 నాటికి 50 దేశాల్లో 229 యునెస్కో గ్లోబల్ జియోపార్క్‌లు ఉండగా, వాటిలో అతికొద్ది మాత్రమే రెండు దేశాల మీదుగా విస్తరించాయి.

సరిహద్దు దాటిన జియోపార్క్‌ను నెలకొల్పాలనుకునే పురపాలక సంఘాలు, గ్రామ పాలక మండళ్లు, వాటికి సలహా ఇచ్చే భూగర్భ శాస్త్రజ్ఞులు, పర్యాటక రంగంలో పనిచేసేవారు ఏ వరసలో ఏ పని చేయాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో ప్రధాన ఉదాహరణ ఆస్ట్రియా, స్లొవేనియాల మధ్య ఉన్న కారవాంకెన్–కరవాంకె జియోపార్క్. ఆస్ట్రియా వైపు 9, స్లొవేనియా వైపు 5, మొత్తం 14 మునిసిపాలిటీలు కలిసి దాన్ని నడుపుతున్నాయి. విస్తీర్ణం 1,067 చదరపు కిలోమీటర్లు. అవసరమైనచోట ఐర్లండ్ దీవిలోని క్విల్కా లేక్‌లాండ్స్, హంగరీ–స్లొవేకియాల నడుమ ఉన్న నోవోహ్రద్–నోగ్రాద్ జియోపార్క్‌ల అనుభవాన్నీ ప్రస్తావిస్తాను.

అన్నిటికంటే ముందు గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. యునెస్కో జియోపార్క్ హోదా తనంతట తాను ఏ రాయినీ కాపాడదు, ఎవరి భూమి మీదా ఆంక్ష పెట్టదు. రక్షణ అంతా ఆయా దేశాల చట్టాల ద్వారానే జరగాలి, ఖర్చుకు కావలసిన డబ్బును స్థానిక సంస్థలే సమకూర్చుకోవాలి. అందువల్ల ఇరువైపుల స్థానిక సంస్థల మధ్య అధికారం, డబ్బు, సిబ్బంది ఎలా పంచుకోవాలన్నది కాగితం మీద తేలకుండా బోర్డులు పాతడం, లోగోలు ముద్రించడం మొదలుపెడితే, మొదటి గ్రాంటు అయిపోయిన రోజునే ఆ జియోపార్క్ కూడా ఆగిపోతుంది.

ముందు రాయి, తర్వాత ఎల్ల

ఇరువైపులా అందమైన కొండలు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒకే భూగర్భ చరిత్ర సరిహద్దుకు అటూ ఇటూ సాగుతున్నట్టు చూపగలగాలి. కరవాంకెలో ఆ ఆధారం చాలా బలంగా ఉంది. ఆల్ప్స్ పర్వతాల పొడవునా సుమారు 700 కిలోమీటర్లు సాగే పెరియాడ్రియాటిక్ భ్రంశరేఖ, అంటే నేల లోతుల్లో రాయి పగిలి పక్కకు జరిగిన గీత, ఈ ప్రాంతం గుండా వెళుతుంది. ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన ఏడ్రియాటిక్ ఫలకం, యూరప్ ఫలకం ఢీకొన్న చోట మిగిలిన అతుకు అది. దానికి సమీపంలో సున్నపురాతి శిఖరాలు, గ్రానైట్, టోనలైట్ వంటి అగ్నిశిలలు కొద్ది దూరంలోనే పక్కపక్కన కనిపిస్తాయి. జర్మన్‌లో పెట్సెన్ అనీ, స్లొవీన్‌లో పెత్సా అనీ పిలిచే 2,126 మీటర్ల కొండ మీదుగానే దేశాల సరిహద్దు పోతుంది. ఆ కొండ కింద మెజిత్సాలో మూడు శతాబ్దాలకు పైగా సీసం, జింకు తవ్వారు. కొండలకు ఉత్తరాన ఓబిర్‌లో కూడా సీసం కోసం తవ్వుతుండగానే గనికార్మికులకు 19వ శతాబ్దంలో అద్భుతమైన గుహలు బయటపడ్డాయి.

కాబట్టి మొదటి పని ఉమ్మడి భూగర్భ పటం. వినడానికి సులువుగా ఉన్నా, నెలల తరబడి సాగే పని ఇది. రెండు దేశాల భూగర్భ సర్వేలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు స్కేళ్లలో, వేర్వేరు అక్షాంశ రేఖాంశ పద్ధతుల్లో పటాలు గీసి ఉంటాయి. ఒకే సున్నపురాతి పొరకు అటు ఒక పేరు, ఇటు మరో పేరు ఉంటుంది. రెండు పటాలను పక్కపక్కన పెడితే భ్రంశరేఖ సరిహద్దు దగ్గర తెగిపోయినట్టో, కొన్ని వందల మీటర్లు పక్కకు జరిగినట్టో కనిపించడం మామూలే. ఇరువైపుల నుంచి ఇద్దరిద్దరు భూగర్భ శాస్త్రజ్ఞులను ఎంచుకుని, వారిని సరిహద్దు పొడవునా కలిసి నడిపించి, పొరల పేర్ల పట్టికనూ, వయసుల పట్టికనూ ఒక్కటిగా తయారు చేయించాలి. తర్వాత వచ్చే ప్రతి బోర్డు, ప్రతి పాఠం, యునెస్కోకు పంపే ప్రతి పేజీ ఈ పట్టిక మీదే నిలబడతాయి.

హద్దు గీసేటప్పుడు మునిసిపాలిటీని మొత్తంగా చేర్చుకోవడమే నా దృష్టిలో ఉత్తమం. ఒక ఊరి పరిధిలో సగం లోపల, సగం బయట ఉంటే ఆ ఊరి కౌన్సిల్‌కు చందా కట్టడానికీ, ప్రజలకు సమాధానం చెప్పడానికీ ఇబ్బంది అవుతుంది. జియోపార్క్ మొత్తం ఒకే ఏకఖండ భూభాగంగా ఉండాలన్నది యునెస్కో నియమం కూడా. మధ్యలో ఒక ఊరు చేరకపోతే ఆ ఏకత్వం దెబ్బతినవచ్చు కనుక, ప్రతి కౌన్సిల్‌తో విడిగా మాట్లాడి తీర్మానం తీసుకోవాలి. ఆ తీర్మానంలో మద్దతు తెలిపే మాటలు మాత్రమే ఉంటే చాలదు. ఏటా ఎంత వాటా చెల్లిస్తారో, ఎన్నేళ్లపాటు చెల్లిస్తారో, ఏ పనికి ఏ ఉద్యోగిని కేటాయిస్తారో కూడా అందులో రాయించాలి.

చట్టబద్ధమైన ఒకే సంస్థ

జియోపార్క్‌ను నడిపే సంస్థకు జాతీయ చట్టం గుర్తించిన అస్తిత్వం ఉండాలని యునెస్కో పట్టుబడుతుంది. సరిహద్దు దాటిన చోట కష్టమంతా ఇక్కడే. ఏ దేశపు చట్టం కింద నమోదు చేస్తే ఎదుటి దేశపు మునిసిపాలిటీ అందులో సభ్యురాలు కాగలదు, దాని ఖజానా నుంచి డబ్బు ఎలా వస్తుంది అన్న ప్రశ్నలకు మామూలు సంఘాల చట్టాలు జవాబు ఇవ్వవు.

యూరోపియన్ యూనియన్ 2006లో 1082 నంబరు నిబంధనతో దీనికి ఒక మార్గం వేసింది. ప్రాదేశిక సహకారం కోసం ఏర్పాటు చేసుకునే ఆ సంస్థను అందరూ ఈజీటీసీ (యూరోపియన్ గ్రూపింగ్ ఆఫ్ టెరిటోరియల్ కోఆపరేషన్) అంటారు. కనీసం రెండు సభ్యదేశాల స్థానిక సంస్థలు కలిసి ఒక చట్టబద్ధ వ్యక్తిత్వం ఉన్న సంస్థను నెలకొల్పుకోవచ్చు. దానికి సొంత బడ్జెట్ ఉంటుంది, సొంత ఉద్యోగులు ఉంటారు, ఆస్తి కొనవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. నోవోహ్రద్–నోగ్రాద్ ఈ దారిలోనే సాగింది. కరవాంకె 2013లో అంతర్జాతీయ జియోపార్క్ నెట్‌వర్క్‌లో చేరినా, చాలాకాలం మునిసిపాలిటీల మధ్య ఒప్పందంతో నడిచే ఉమ్మడి బృందంగానే ఉండి, 2019లో ఈజీటీసీగా మారింది. ఈ క్రమం నాకు సబబుగా తోస్తుంది. కలిసి పనిచేసే అలవాటు కుదిరిన తర్వాత సంస్థను నమోదు చేస్తే, నియమావళి రాసేటప్పుడు ఎక్కడ పేచీలు వస్తాయో అందరికీ ముందే తెలిసి ఉంటుంది.

ఈజీటీసీకి రెండు పత్రాలు కావాలి. మొదటిది ఒప్పందం. సంస్థ పేరు, కేంద్ర కార్యాలయం ఉండే చోటు, పరిధి, లక్ష్యాలు, సభ్యుల జాబితా, ఏ దేశపు చట్టం వర్తిస్తుందో ఇందులో ఉంటాయి. రెండోది నియమావళి. నిర్ణయాలు తీసుకునే పద్ధతి, పని భాషలు, ఉద్యోగుల నియామకం, సభ్యుల చందాలు, లెక్కల విధానం, బయటి ఆడిటర్ నియామకం ఇందులో ఉంటాయి. ఈ రెంటినీ ప్రతి సభ్యురాలూ తన దేశపు ప్రభుత్వానికి పంపి ఆమోదం పొందాలి. 2013లో చేసిన సవరణ ప్రకారం ఆరు నెలల్లో అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే లెక్క. అయితే కేంద్ర కార్యాలయం ఉండబోయే దేశం మాత్రం స్పష్టంగా రాతపూర్వకంగా ఆమోదించాలి. అందుకే రెండు రాజధానుల్లోని సంబంధిత శాఖలకు ముసాయిదాను అనధికారికంగా ముందే చూపించి, అభ్యంతరాలను తొలగించుకున్నాక అసలు దరఖాస్తు పెట్టడం మంచిది. నమోదైన తర్వాత యూరోపియన్ ప్రాంతాల కమిటీకి పది పనిదినాల లోపు తెలియజేయాలి.

నియమావళిలో కొన్ని అంశాలను మొహమాటం లేకుండా తేల్చాలి. సర్వసభ్య సమావేశంలో ఓట్లు జనాభాను బట్టి ఇవ్వాలా, మునిసిపాలిటీకి ఒకటి చొప్పున ఇవ్వాలా అన్నది మొదటిది. కరవాంకెలో లాగా ఒకవైపు 9, మరోవైపు 5 మునిసిపాలిటీలు ఉంటే, మునిసిపాలిటీకి ఒక ఓటు పద్ధతిలో ఒక దేశమే ప్రతిదీ గెలిచే ప్రమాదం ఉంటుంది. బడ్జెట్, నియమావళి సవరణ, డైరెక్టర్ నియామకం, కొత్త సభ్యుల చేరిక అనే నాలుగింటికైనా మొత్తం మెజారిటీతో పాటు ఒక్కో దేశపు సభ్యులలో విడిగా మెజారిటీ కూడా ఉండాలని రాసుకోవాలి. అధ్యక్ష పదవి రెండేళ్లకోసారి ఇరువైపుల మేయర్ల మధ్య మారాలి. ఎన్నికల్లో మేయరు మారితే పాత ప్రతినిధి స్థానంలో ఎన్ని రోజుల్లో కొత్త ప్రతినిధిని పంపాలో కూడా రాయాలి. మేయరు మారిన ఊరు ఏడాదిపాటు ప్రతినిధిని పంపకపోతే, సమావేశాలకు కోరం లేక పనులన్నీ ఆగిపోయే పరిస్థితి వస్తుంది.

వైదొలగే షరతును చాలామంది రాయడానికి సంకోచిస్తారు. ఆ సంకోచం వద్దు. ఉదాహరణకు ఇలా రాసుకోవచ్చు: “వైదొలగదలచిన సభ్య మునిసిపాలిటీ ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం పన్నెండు నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి, నడుస్తున్న ప్రాజెక్టులలో తాను అంగీకరించిన వాటాను అవి ముగిసేవరకు చెల్లించాలి, తన పరిధిలోని బోర్డులు, దారుల నిర్వహణను ఆ గడువు వరకు కొనసాగించాలి.” ఈ మూడు మాటలు లేకపోతే, ఒక ఊరు హఠాత్తుగా తప్పుకున్నప్పుడు దాని అప్పు మిగతా ఊళ్ల మీద పడుతుంది. సభ్యుల బాధ్యతను వారి వాటా మేరకే పరిమితం చేసే వీలు కూడా యూరోపియన్ యూనియన్ 1082 నిబంధనలో ఉంది. చిన్న మునిసిపాలిటీలు చేరడానికి ధైర్యం చేయాలంటే ఆ వీలును ఉపయోగించుకోవాలి.

ఈజీటీసీకి ఉన్న పరిమితిని కూడా మొదటే అర్థం చేసుకోవాలి. పోలీసు అధికారం, నియంత్రణ అధికారం, న్యాయాధికారం, విదేశాంగ వ్యవహారాలు దానికి అప్పగించడానికి వీల్లేదు. అంటే రాళ్లు పగలగొట్టి ఎత్తుకుపోయేవారికి జియోపార్క్ సంస్థ జరిమానా వేయలేదు. ఆ పని ఆయా దేశాల ప్రకృతి సంరక్షణ అధికారులదే. అందువల్ల ఇరువైపుల అధికారులతో విడిగా సమాచార ఒప్పందాలు చేసుకుని, ఏ ఘటన జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి గైడ్ దగ్గరా ఒక కాగితం ఉండేలా చూడాలి.

యూరోపియన్ యూనియన్ పరిధి దాటితే ఈ మార్గం అంత తేలిక కాదు. ఐర్లండ్ దీవిలో పరిస్థితి వేరు. ఉత్తర ఐర్లండ్‌లోని ఫర్మానాలో మొదలైన మార్బుల్ ఆర్చ్ గుహల జియోపార్క్ 2008లో ఐర్లండ్ రిపబ్లిక్‌లోని కావన్ కౌంటీలోకి విస్తరించి, ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ జియోపార్క్ అయింది. ఇప్పుడు దాని పేరు క్విల్కా లేక్‌లాండ్స్. దాన్ని ఫర్మానా అండ్ ఓమా జిల్లా కౌన్సిల్, కావన్ కౌంటీ కౌన్సిల్ కలిసి నిర్వహిస్తున్నాయి. 2020లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వీడిన తర్వాత కూడా ఆ రెండు కౌన్సిళ్ల సహకారం నిలబడింది. రెండే సభ్యసంస్థలు, పెద్ద సంస్థలు అయినప్పుడు నేరుగా కౌన్సిళ్ల మధ్య ఒప్పందం సరిపోతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. పద్నాలుగు చిన్న ఊళ్లు ఉన్నచోట అది సరిపోదు.

మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ దూరమైనదేమీ కాదు. కృష్ణానదికి ఒక ఒడ్డున మాచర్ల, దాచేపల్లి, మరో ఒడ్డున హుజూర్‌నగర్, మట్టంపల్లి ఒకే పల్నాటి సున్నపురాతి పొరల మీద ఉన్నాయి. రాష్ట్ర ఎల్ల నది మధ్యలో పోతుంది, రాయి మాత్రం కింద కలిసే ఉంది. కానీ మన పురపాలక, పంచాయతీ రాజ్ చట్టాలు రాష్ట్రాల చట్టాలు. రెండు రాష్ట్రాల పురపాలక సంఘాలు తమంతట తాము ఉమ్మడి సంస్థ పెట్టుకునే ఈజీటీసీ వంటి సాధనం మనకు లేదు. ఇక్కడ అలాంటి ప్రయత్నం జరగాలంటే మొదటి సంతకాలు రాష్ట్ర ప్రభుత్వాల స్థాయిలోనే పడాలి. భారతదేశంలో ఇంతవరకు ఒక్క యునెస్కో జియోపార్క్ కూడా లేదు.

డబ్బు ఎక్కడి నుంచి, ఎప్పుడు

జియోపార్క్‌కు రెండు రకాల డబ్బు కావాలి. జీతాలు, అద్దె, బోర్డుల మరమ్మతు, వెబ్‌సైటు వంటి నిత్య ఖర్చులకు సభ్యుల చందాలు కావాలి. కొత్త దారులు, ప్రదర్శనశాలలు, పరిశోధన వంటి పనులకు ప్రాజెక్టు గ్రాంట్లు కావాలి. ఈ రెంటినీ కలిపేయకూడదు. గ్రాంటు మీద జీతాలు నడిస్తే, గ్రాంటు ముగియగానే అనుభవం ఉన్న ఉద్యోగులు వెళ్లిపోతారు, వాళ్లతో పాటు పదేళ్ల జ్ఞాపకమూ పోతుంది. చందాను నిర్ణయించేటప్పుడు సగం అన్ని ఊళ్లకూ సమానంగా, సగం జనాభాను బట్టి ఉంచితే పెద్ద ఊళ్లకూ చిన్న ఊళ్లకూ నచ్చజెప్పడం తేలికవుతుంది.

గ్రాంట్లలో ప్రధానమైనది యూరోపియన్ యూనియన్ ఇంటర్‌రెగ్ కార్యక్రమం. సరిహద్దు ప్రాంతాల ఉమ్మడి ప్రాజెక్టులకు అది మొత్తం ఖర్చులో పెద్ద భాగాన్ని భరిస్తుంది. సాధారణంగా రెండు దేశాల భాగస్వాములు ఉండాలి. ఈజీటీసీ అయితే, దాని సభ్యులు రెండు దేశాలవారు కాబట్టి, అది ఒక్కటే భాగస్వామిగా ఉండవచ్చు. ఈజీటీసీ నెలకొల్పడానికి ఇది మంచి కారణం.

అయితే చిన్న మునిసిపాలిటీలను ఇబ్బంది పెట్టేది గ్రాంటు శాతం కాదు, అది వచ్చే సమయం. ఇంటర్‌రెగ్ డబ్బు ఖర్చు చేసిన తర్వాత తిరిగి వస్తుంది. మొదట సొంత డబ్బుతో పని చేయించాలి, బిల్లులు చెల్లించాలి, నివేదిక పంపాలి, తనిఖీ పూర్తి కావాలి, ఆ తర్వాత డబ్బు వస్తుంది. ఈ మధ్యకాలంలో జీతాలు, కాంట్రాక్టర్ల బిల్లులు ఆగకూడదు. అందుకని ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టే ముందే, నెలవారీగా ఎంత బయటికి పోతుంది, ఎంత తిరిగి వస్తుంది అన్న పట్టిక వేసి, ఆ తేడాను ఏ సభ్య మునిసిపాలిటీ ముందుగా సర్దుతుందో, ఏ బ్యాంకు నుంచి స్వల్పకాలిక రుణం తీసుకుంటారో సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించాలి. రెండు దేశాల పన్ను నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి, ఇరువైపులా పనిచేసిన అనుభవం ఉన్న లెక్కల నిపుణులు ఒకరైనా ఉండాలి.

సిబ్బంది విషయంలో క్లుప్తంగా చెబుతాను. భూగర్భ శాస్త్రజ్ఞులు ఒకరు పూర్తికాలం ఉద్యోగిగా ఉండాలి, బయటి సలహాదారులతో నెట్టుకురావడం కుదరదు. రెండు భాషలూ మాట్లాడగలగడం ప్రతి నియామకంలోనూ షరతుగా ఉండాలి. కేంద్ర కార్యాలయం ఒక దేశంలో ఉన్నా, ఎదుటి దేశంలో కూడా ప్రజలు నేరుగా వచ్చి కలిసే చోటు ఒకటి ఉండాలి.

రక్షణ, నిజాయితీ

ముఖ్యమైన స్థలాల జాబితా తయారుచేసి, ప్రతి స్థలానికీ శాస్త్రీయ విలువ, బోధనా విలువ, పర్యాటక విలువ, ముప్పు స్థాయి అని నాలుగు అంశాలు నమోదు చేయాలి. బహిరంగంగా చూపకూడని స్థలాలు కొన్ని ఉంటాయి. అరుదైన ఖనిజాలు దొరికే చోట్లను పటంలో ముద్రిస్తే సేకరణకారుల సుత్తులు వాటిని మిగలనివ్వవు. మెజిత్సా ప్రాంతపు ఉల్ఫెనైట్ స్ఫటికాలకూ, ద్రావా నది పేరు మీద ద్రావైట్ అని పిలిచే, ద్రావోగ్రాద్ పరిసరాల్లో దొరికిన టూర్మలీన్‌కూ ప్రపంచమంతటా ఖనిజ ప్రియులలో పేరుంది. అక్కడ ఈ జాగ్రత్త మరింత అవసరం. సహజ ఖనిజాల, శిలాజాల అమ్మకంలో జియోపార్క్ సంస్థ పాల్గొనకూడదన్నది యునెస్కో స్పష్టమైన నియమం. సందర్శక కేంద్రంలోని దుకాణంలో మెరిసే రాళ్లు అమ్మకానికి పెట్టకూడదు. భాగస్వామ్య హోటళ్లతో, దుకాణాలతో చేసుకునే ఒప్పందంలోనూ ఈ మాట ఉండాలి.

ఒక దేశంలో జరిగే పని మరో దేశంలోని స్థలాన్ని దెబ్బతీయగలదు కాబట్టి నీటి దారిని ప్రత్యేకంగా అధ్యయనం చేయాలి. క్విల్కా కొండ మీద పీట్ అనే మెత్తటి బురదనేల దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. అది వాననీటిని పీల్చుకుని మెల్లగా వదులుతుంది. 1980లలో యంత్రాలతో ఆ పీట్‌ను కోయడం పెరిగినప్పుడు, వాననీరు ఆగకుండా ఒక్కసారిగా కిందికి దూకి, పర్యాటకుల కోసం 1985లో తెరిచిన మార్బుల్ ఆర్చ్ గుహలు పదేపదే ముంపుకు గురయ్యాయి. గుహను కాపాడాలంటే కొండమీది నేలను కాపాడాలని తేలింది. 1998లో క్విల్కా మౌంటెన్ పార్క్‌ను నెలకొల్పడం, కోసిన నేలను పునరుద్ధరించడం ఆ అవగాహన ఫలితమే. కొండ ఒక దేశంలో, ఊట మరో దేశంలో ఉన్నప్పుడు ఇలాంటి అధ్యయనం లేకుండా యాజమాన్య ప్రణాళిక ఆమోదించకూడదు.

గని చరిత్రను కూడా అందంగా మాత్రమే చెప్పకూడదు. మెజిత్సాలో ఈనాడు సందర్శకులు భూగర్భ సొరంగాల్లో సైకిల్ తొక్కుతారు, నీట మునిగిన గని భాగంలో కయాక్ నడుపుతారు. అదే లోయలో శతాబ్దాల సీసం కరిగింపు వల్ల నేల కలుషితమైంది. చిన్నపిల్లల రక్తంలో సీసం పాళ్లు ఆందోళన కలిగించే స్థాయిలో ఉండడంతో స్లొవేనియా ప్రభుత్వం 2007లో ప్రత్యేక పునరుద్ధరణ కార్యక్రమం చేపట్టింది. ఈ రెండో కథ చెప్పని జియోపార్క్‌ను ఆ లోయలో పిల్లలను పెంచుతున్న తల్లిదండ్రులు నమ్మరు. వారు నమ్మని జియోపార్క్‌కు బయటి వారిచ్చే ప్రశంసాపత్రాల వల్ల ప్రయోజనం లేదు.

ప్రచారం

సరిహద్దు ప్రాంతంలో ప్రచారం అంటే ముందుగా భాష. 1920 అక్టోబరు 10న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణతో, కరవాంకె కొండలకు ఉత్తరాన ఉన్న దక్షిణ కరింథియా ప్రాంతం ఆస్ట్రియాలో మిగిలింది. అక్కడి స్లొవీన్ భాషీయుల ఊళ్లకు రెండు భాషల్లో పేరు బోర్డులు పెట్టాలన్న విషయం మీద 1972లో బోర్డులు పీకివేసేంత గొడవ జరిగింది. చివరకు 2011లోనే 164 చోట్ల రెండు భాషల బోర్డులకు రాజీ కుదిరింది. అలాంటి నేల మీద రెండేళ్లకే, 2013లో, పేరులోనే రెండు భాషలూ ఉన్న జియోపార్క్ అంతర్జాతీయ గుర్తింపు పొందింది. కాబట్టి అక్కడ ఒక సమాచార బోర్డులో ఏ భాష పైన, ఏ భాష కింద, అక్షరాలు ఒకే పరిమాణంలో ఉన్నాయా లేదా అన్నవి అలంకారానికి సంబంధించిన ప్రశ్నలు కావు. ఇలాంటి నియమాలను చిన్న పుస్తకంగా అచ్చువేసి, బోర్డు తయారుచేసే ప్రతి కాంట్రాక్టరుకూ ఇవ్వాలి.

బోర్డు రాసే పద్ధతి కూడా చెబుతాను. భ్రంశరేఖ దగ్గర పెట్టే బోర్డును తీసుకుందాం. ముందు అక్కడ నిలబడిన మనిషి కంటికి ఏం కనిపిస్తుందో రాయాలి: ఎడమ చేతి వైపు తెల్లటి సున్నపురాయి, కుడి చేతి వైపు ముదురు చుక్కల అగ్నిశిల, మధ్యలో నుగ్గునుగ్గైన మెత్తటి రాయి, దాన్ని తవ్వుకుంటూ పారే వాగు. ఆ తర్వాతే ఎందుకలా ఉందో చెప్పాలి. ఒక బొమ్మ, ఒక్కో భాషలో వంద పదాలు మించని పాఠం చాలు. ఒక భాషలో రాసి మరో భాషలోకి అనువదించడం కన్నా, ఇరువైపుల రచయితలు అదే స్థలంలో నిలబడి ఎవరి భాషలో వారు రాసి, తర్వాత శాస్త్ర విషయాలు సరిపోయాయో లేదో సరిచూసుకుంటే రెండు పాఠాలూ సహజంగా ఉంటాయి. చివరగా ఊరి బడిపిల్లల చేత చదివించి, అర్థం కాని వాక్యాలను తీసేయాలి.

ఇరువైపులా చెప్పుకునే కథలు ఉంటే వాటిని వదలకూడదు. పెత్సా కొండ గుహలో మత్యాష్ రాజు బల్ల ముందు నిద్రపోతున్నాడనీ, ఆయన గడ్డం బల్ల చుట్టూ తొమ్మిది చుట్లు తిరిగినప్పుడు మేల్కొంటాడనీ జానపద కథ ఉంది. చలికాలంలో చర్నా ఊళ్లో ఆయన పేరుమీదే మంచు కోటలు కట్టే ఉత్సవం జరుగుతుంది. సున్నపురాతిలో గుహలు ఎలా ఏర్పడతాయో పిల్లలకు చెప్పడానికి ఈ కథ కన్నా మంచి ప్రవేశం దొరకదు.

ప్రయాణ సౌకర్యం లేని ప్రచారం సందర్శకులకు విసుగు తెప్పిస్తుంది. బస్సు సరిహద్దు దగ్గరే ఆగిపోతే, రెండు వైపులా చూడమని పటంలో ఎంత అందంగా ముద్రించినా ఒకవైపే చూసి వెళ్లిపోతారు. కనీసం వేసవిలో వారాంతాల్లోనైనా రెండు వైపులనూ కలిపే బస్సు, రెండు వైపుల గుహకూ గనికీ చెల్లే ఒకే టికెట్టు, ఇరుదేశాల్లో శిక్షణ పొంది ఒకే గుర్తింపు కార్డుతో తిరిగే గైడ్లు అనే మూడింటిని ముందు సాధించాలి. హోటళ్లు, రైతులు, చేతివృత్తులవారితో భాగస్వామ్య ఒప్పందాలు చేసుకునేటప్పుడు నాణ్యతా ప్రమాణాలు ఒకే జాబితాగా ఉండాలి. ఒకవైపు కఠినంగా, మరోవైపు సడలింపుగా ఉంటే లోగోకు విలువ పోతుంది.

ప్రచారం మరీ ఎక్కువగా ఫలించినా కష్టమే. క్విల్కా పీట్ నేలను కాళ్ల తొక్కుడు నుంచి కాపాడేందుకు 2015లో చెక్క నడకదారి వేశారు. దాని ఫొటోలు సామాజిక మాధ్యమాల్లో విపరీతంగా తిరిగి, ఊహించని సంఖ్యలో జనం వచ్చారు. ఇరుకైన పల్లె రోడ్లు కార్లతో నిండిపోయాయి, చెక్కదారి ముగిసిన చోటి నుంచి శిఖరం మీద నేల కోతకు గురైంది. అందుకే కొత్త దారి తెరిచే ముందే అది రోజుకు ఎంతమందిని భరించగలదో లెక్క వేసి, కార్లు నిలిపే చోటును ముందుగా బుక్ చేసుకునే పద్ధతి పెట్టి, అదే సమయంలో జనం తక్కువగా వెళ్లే మరో రెండు స్థలాలను పరిచయం చేయాలి.

దరఖాస్తు, నాలుగేళ్ల తనిఖీ

యునెస్కోకు దరఖాస్తు చేసే ముందు కనీసం ఏడాది పాటు జియోపార్క్‌గా వాస్తవంగా పనిచేసి ఉండాలి. ఆసక్తి తెలియజేసే లేఖ జులై 1 లోపు, పూర్తి దరఖాస్తు అక్టోబరు 1 నుంచి నవంబరు 30 లోపు రెండు దేశాల అధికారిక మార్గాల ద్వారా వెళ్లాలి. ఒక దేశం నుంచి సంతకం ఆలస్యమైతే ఏడాది మొత్తం పోతుంది కాబట్టి, వేసవి మొదట్లోనే రెండు దేశాల యునెస్కో జాతీయ కమిషన్ల తేదీలు ఖాయం చేసుకోవాలి. భూగర్భ ప్రాముఖ్యాన్ని అంతర్జాతీయ భూగర్భ శాస్త్రాల సంఘం విడిగా పరిశీలిస్తుంది. ఆ తర్వాత ఇద్దరు మూల్యాంకనకర్తలు స్వయంగా వచ్చి చూస్తారు. వారి పర్యటనను రెండు దేశాల మధ్య సమానంగా పంచడమే కాక, సరిహద్దును వారు అనేకసార్లు దాటేలా కార్యక్రమం వేయాలి. భోజనాల దగ్గర కూడా ఇరువైపుల మేయర్లు, ఉపాధ్యాయులు, రైతులు కలిసి కూర్చోవాలి. కలిసి పనిచేయని మనుషులు ఆ రోజు మాత్రం కలిసి ఉన్నట్టు కనిపించలేరు; అనుభవం ఉన్న మూల్యాంకనకర్తలు దాన్ని ఇట్టే పట్టేస్తారు.

హోదా శాశ్వతం కాదు. నాలుగేళ్లకోసారి మళ్లీ పరిశీలన జరుగుతుంది. ప్రమాణాలు నిలిస్తే గ్రీన్ కార్డుతో మరో నాలుగేళ్లు, లోపాలుంటే యెల్లో కార్డుతో సరిదిద్దుకోవడానికి రెండేళ్లు ఇస్తారు. ఆ రెండేళ్లలోనూ సరిచేసుకోకపోతే రెడ్ కార్డుతో హోదా పోతుంది. కాబట్టి పరిశీలన సంవత్సరం వచ్చేదాకా ఆగకుండా, గతంలో వచ్చిన ప్రతి సిఫార్సుకూ ఒక బాధ్యుడు, ఒక గడువు, ఒక ఖర్చు పద్దు కేటాయించి, ప్రతి సర్వసభ్య సమావేశపు ఎజెండాలో మొదటి అంశంగా ఆ పట్టికనే పెట్టాలి. ఏ ఊరి పని వెనకబడిందో ఆ ఊరి మేయరు ఉన్నప్పుడే అందరి ముందు చదవాలి, మినిట్స్‌ను రెండు భాషల్లోనూ వారం లోపు అన్ని కౌన్సిళ్లకూ పంపాలి.